ఒక కిడ్నీ తీసేశారు, ఏడో వారం నడుస్తోంది. మీరంతా పనిలోకి ఎప్పుడు వెళ్ళారు?

వెన్నెలబాట

అందరికీ నమస్తే. రెండు నెలలుగా మీ రాతలన్నీ చదివి చప్పుడు చేయకుండా వెళ్ళిపోతున్నాను. ఇవాళ అడగక తప్పట్లేదు.

నాకు 46 ఏళ్ళు. గ్యాస్ నొప్పి అనుకుని కడుపు స్కాన్ చేయించుకుంటే ఎడమ కిడ్నీలో 8.5 సెంటీమీటర్ల గడ్డ బయటపడింది. అంతకుముందు మూత్రంలో రక్తం లేదు, జ్వరం లేదు, ఏమీ లేదు. గడ్డ పెద్దది కాబట్టి ఓపెన్ ఆపరేషన్ చేసి కిడ్నీ మొత్తం తీసేశారు. రిపోర్టులో క్యాన్సర్ అనే తేలింది: క్లియర్ సెల్ రకం, టి2ఎ (గడ్డ పెద్దదే గానీ కిడ్నీ దాటలేదని), గ్రేడ్ 2 (మరీ దూకుడుది కాదని) అని ఉంది. పైన మందులేవీ అక్కర్లేదు, మూడు నెలలకి స్కాన్‌కి రమ్మన్నారు. ఇప్పటికి ఏడు వారాలు.

నాది అకౌంట్స్ పని. కుర్చీలో కూర్చునేదే కదా అని ధీమాగా నాలుగో వారంలోనే వెళ్ళిపోయాను. మూడో రోజు మధ్యాహ్నం ఒకే బిల్లుని రెండుసార్లు ఎంట్రీ చేశాను. పక్క సీటాయన చూసి చెబితే గానీ తెలియలేదు. బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకుని, గోడకి తల ఆనించి పావుగంట అలాగే నిలబడ్డాను. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని భయం. మర్నాడు సెలవు పొడిగించాను. "కూర్చుని చేసే పనికి కూడా ఇన్ని రోజులా" అన్నారు మా మేనేజర్. నవ్వుతూనే అన్నారు లెండి.

వచ్చే సోమవారం మళ్ళీ చేరాలి. కుట్లు మానాయి. చూసినవాళ్ళంతా "బాగానే ఉన్నావే" అంటున్నారు. నాకేమో స్నానం చేసొచ్చినా పడుకోవాలనిపిస్తోంది. క్రియాటినిన్ (కిడ్నీ రక్తంలోంచి వడగట్టాల్సిన వ్యర్థం) ఆపరేషన్‌కి ముందు 0.9, ఇప్పుడు 1.4. కిడ్నీ ఎంత బాగా వడగడుతోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ 63 అట. కోత కింద అరచేయంత మేర చర్మం మొద్దుబారిపోయింది. కాసేపు కూర్చుంటే నడుం లాగేస్తోంది, దానికి ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ వేసుకుని నెట్టుకొస్తున్నా. మీరు ఎన్నాళ్ళకి పనిలోకి వెళ్ళారు? ఈ నీరసం నాకొక్కడికేనా?

పాతకాపు

రండి వెన్నెలబాట గారూ. నాది కుడి కిడ్నీ, పోయి తొమ్మిదేళ్ళయింది. ఈ గ్రూపులో పాత కాపురస్తుణ్ణి, పేరు అందుకే.

ముందు క్రియాటినిన్ సంగతి. ఇద్దరు మోసే బరువు ఒక్కడి భుజం మీద పడింది, వాడు సర్దుకుంటున్నాడు. మిగిలిన కిడ్నీ తన పని పెంచుకుంటుంది గానీ రెండింటి పనీ పూర్తిగా చేయదు. అందుకని అంకె 0.9కి తిరిగి రావాలని ఎదురుచూడకండి. నాది 1.0 నుంచి 1.5కి వెళ్ళి, ఇన్నేళ్ళుగా 1.3, 1.4 మధ్యే తిరుగుతోంది. ఒక మెట్టెక్కి అక్కడ ఆగితే సరే. ప్రతి టెస్టుకీ ఇంకో మెట్టెక్కుతుంటేనే డాక్టర్‌ని గట్టిగా అడగాలి. దాంతోపాటు మూత్రంలో ప్రోటీన్ పోతోందా అని చూసే టెస్టు ఒకటుంటుంది, అదీ చేయించండి. బీపీ వదిలేయకండి.

నీరసం మీ ఒక్కరికే కాదు. నేను పదో వారంలో వెళ్ళాను. మామూలు మనిషినయ్యాను అని నాకు నేను అనుకున్నది మాత్రం ఆరు నెలల తర్వాతే.

తెల్లచెప్పులు

యూరాలజీ వార్డులో నర్సుని. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. వెన్నెలబాట గారూ, ఆ "ఇంట్లో ఉన్న నొప్పి బిళ్ళ" ఏంటి? పేరు చూసి చెప్పండి. ఎన్ని రోజులుగా వేసుకుంటున్నారు?

వెన్నెలబాట

అట్ట మీద డైక్లోఫెనాక్ అని ఉంది మేడమ్. రోజుకి ఒకటి, ఒక్కోరోజు రెండు. మూడు వారాలుగా. మా నాన్నగారి మోకాళ్ళకి రాసిచ్చినవి, మిగిలిపోతే.

తెల్లచెప్పులు

అవి ఇవాళే ఆపేయండి. రేపు మీ డాక్టర్‌కి ఫోన్ చేసి ఇన్ని రోజులు వాడానని చెప్పండి, దాచకండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని తగ్గిస్తాయి. రెండు కిడ్నీలున్నవాళ్ళే జాగ్రత్తగా వాడాలి, మీకున్నది ఒక్కటి. నొప్పికి పారాసిటమాల్ వాడుకోవచ్చు, అది కూడా ఎంతవరకో అడిగి. డిశ్చార్జ్ రోజున ఈ మాట మేం చెబుతాం. కాగితం మీద రాసీ ఇస్తాం. కానీ ఆ రోజు ఎవరి చెవికీ ఎక్కదు, చెప్పులేసుకుని తలుపు వైపే చూస్తుంటారు. తప్పు మీదని కాదు.

ఇంకోటి. హిమోగ్లోబిన్ ఎంత? ఓపెన్ ఆపరేషన్‌లో రక్తం బాగానే పోతుంది. స్నానానికే ఆయాసపడుతున్నారంటే అది చూడకుండా "ఆపరేషన్ అయింది కదా, నీరసం మామూలే" అని వదిలేయకూడదు.

ఇనపచక్రం

గోడౌన్‌లో పని నాది. పెట్టెలు దించడం, ఎక్కించడం. మీకంటే చిన్న గడ్డే, 6 సెంటీమీటర్లు, కానీ ఉన్న చోటు బాగోలేదని ఓపెన్‌లోనే తీశారు. పన్నెండో వారందాకా బరువు ముట్టుకోవద్దన్నారు. ఆరో వారానికి పైకి కోత మానిపోయింది, నొప్పి లేదు, పిచ్చెక్కింది ఇంట్లో కూర్చుని. ఒకరోజు నీళ్ళ బకెట్ ఎత్తాను. నిండా కూడా లేదు. పక్కలో ఏదో చిరిగినట్టయి అక్కడే వంగిపోయాను.

బరువెత్తేది చేతులనుకుంటాం గానీ, పట్టేది పొట్ట అన్నా. మనకి కోసింది ఆ పక్క కండల్నే, అదీ మూడు పొరలు. పైన చర్మం అతుక్కున్నంత మాత్రాన లోపల అతుక్కున్నట్టు కాదు.

తర్వాత కోత పక్కన బుడిపెలా ఉబ్బింది. చొక్కా వేసుకుంటే ఒక వైపు పొట్ట, ఒక వైపు లేదు. హెర్నియా అని హడలిపోయా. స్కాన్‌లో చూసి హెర్నియా కాదు, అక్కడి నరం దెబ్బతిని కండ వదులైంది అన్నారు. మీ చర్మం మొద్దుబారడం కూడా నరం తెగడం వల్లే అయ్యుంటుంది. నాది మూడేళ్ళయినా నాలుగు వేళ్ళ మేర ఇంకా అలాగే ఉంది. పట్టించుకోవడం మానేశా.

పనికి పదమూడో వారంలో వెళ్ళాను. ఆరు వారాలు లైట్ డ్యూటీ ఇచ్చారు, స్కానర్ పట్టుకుని లెక్క రాయడం. "దొరగారొచ్చారు" అని వెనకాల నవ్వుకున్నారు. నవ్వుకోనీ.

తూనీగ

టీచర్‌ని. నాది చిన్న గడ్డ, 3.2 సెంటీమీటర్లు, రోబోతో ఆ ముక్క మాత్రం తీసి కిడ్నీ ఉంచారు. నాలుగు చిన్న చిన్న గాట్లంతే. మూడో రోజు ఇంటికి పంపేశారు. ఆ గాట్లు చూసి అందరూ "దీనికింత హడావిడా" అన్నారు, నాకూ అలాగే అనిపించింది. కడుపులో నింపిన గ్యాస్ వల్ల భుజం రెండు రోజులు పీకిందే తప్ప పెద్ద బాధేం లేదు. మూడో వారం నుంచి బడికి వస్తానని చెప్పేశాను.

పన్నెండో రోజు తెల్లవారుజామున బాత్రూంకి వెళితే మూత్రం ఎర్రగా, గడ్డలు గడ్డలుగా వచ్చింది. లైటు వేసి చూసి, ఫ్లష్ చేయడానికి చెయ్యి రాలేదు. మావారికి చూపించాలి కదా. గంటలో ఆస్పత్రిలో ఉన్నాం. కిడ్నీ కుట్టిన చోట రక్తనాళం బుడగలా ఉబ్బి కారుతోందట. తొడ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి దాన్ని మూసేశారు. మళ్ళీ కోయలేదు.

ఇలా అందరికీ అవుతుందని కాదు, అరుదే అన్నారు. కానీ ముక్క మాత్రమే తీయించుకున్నవాళ్ళు రెండు మూడు వారాలదాకా ఆస్పత్రికి దూరంగా ప్రయాణాలు పెట్టుకోకపోవడమే మేలు. నేను బడికి వెళ్ళింది ఆరో వారంలో.

తెల్లచెప్పులు

తూనీగ గారు చెప్పింది అచ్చంగా అంతే. ఎర్రటి మూత్రం, ఆగని జ్వరం, ఒక్క కాలు మాత్రమే వాచి నొప్పెట్టడం, ఊపిరి అందకపోవడం. వీటికి పొద్దున్నదాకా ఆగొద్దు, ఇక్కడ పోస్టు పెట్టి సమాధానం కోసం చూడొద్దు.

పనికి ఎప్పుడు అంటే, మామూలుగా మేం చెప్పే లెక్క ఇది: చిన్న గాట్లతో చేసినవాళ్ళు కూర్చునే పనికి రెండు నుంచి నాలుగు వారాలు. ఓపెన్ అయితే ఆరు నుంచి ఎనిమిది. బరువు పనులకి పన్నెండు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఇవి గాయం మానే లెక్కలు. ఓపిక లెక్క వేరే ఉంటుంది, దానికి క్యాలెండర్ లేదు. వెన్నెలబాట గారు నాలుగో వారంలో వెళ్ళారంటే నా దృష్టిలో తొందరపడ్డారు, అంతే.

బండి నడపడం గురించి ఇక్కడ ఎవరూ అడగలేదు గానీ నన్ను రోజూ అడుగుతారు. మత్తునిచ్చే నొప్పి మందులు పూర్తిగా ఆపేసి ఉండాలి, కొయ్యబారకుండా గట్టిగా బ్రేక్ తొక్కగలగాలి. ఆగి ఉన్న కారులో ఒకసారి తొక్కి చూసుకోండి. పక్క పట్టేసిందా, ఇంకో వారం ఆగండి.

చిరుగాలి07

నీరసానికి, క్రియాటినిన్‌కి మా బంధువు ఒక మూలికల పొడి వాడి మూడు నెలల్లో లేచి తిరిగారు. సహజమైనది, సైడ్ ఎఫెక్ట్ లేదు. కావాలంటే వివరాలు మెసేజ్ చేస్తాను.

పాతకాపు

చిరుగాలి గారూ, మంచి మనసుతోనే చెప్పారనుకుంటాను. వివరాలు మాత్రం పంపొద్దు, ఇక్కడి నియమం అది. సహజమైనవన్నీ కిడ్నీకి మంచివైతే బాగుండేది. అరిస్టోలోకియా అనే మొక్క ఉంది, దాన్నీ వైద్యం పేరుతోనే వాడారు. అందులోని ఆమ్లం కిడ్నీల్ని శాశ్వతంగా పాడుచేస్తుంది, మూత్రనాళాల్లో క్యాన్సర్ కూడా తెస్తుంది. 1990ల్లో బెల్జియంలో సన్నబడటానికని మూలికల గుళికలు మింగిన ఆడవాళ్ళు కొందరు డయాలసిస్ దాకా వెళ్ళారు. పొడిలో ఏముందో డబ్బా మీద రాయనప్పుడు, ఉన్న ఒక్క కిడ్నీని పందెం కాయలేం.

చిరుగాలి07

సరే అండీ. ఇది తెలియదు.

గాజుకుండ

నాకు జరిగింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. నాది టి3ఎ, కిడ్నీ సిరలోకి కొంచెం పాకింది. మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఎక్కువని ఆపరేషన్ తర్వాత పెంబ్రోలిజుమాబ్ మొదలుపెట్టారు, మన ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు. మూడు వారాలకోసారి సెలైన్‌లా ఎక్కిస్తారు, ఏడాది పాటు, మొత్తం 17. అమెరికాలో ఇలా ఇవ్వడానికి 2021లోనే అనుమతి వచ్చింది. ఎక్కించిన రోజు, మర్నాడు సెలవు, మిగతా రోజులు ఆఫీసు.

ఆరో డోసు తర్వాత ఎంత నిద్రపోయినా తీరని అలసట. మీటింగులో కళ్ళు తెరిచే కునుకు తీస్తున్నా. ఆపరేషన్ వల్లే అని రెండు నెలలు నెట్టాను. చివరికి టెస్టు చేస్తే థైరాయిడ్ పడిపోయింది. ఈ మందు వల్ల అది జరుగుతుందట. రోజుకో బిళ్ళతో మనిషినయ్యాను. కాబట్టి అలసటకి కారణం ఒకటే అని ఖాయం చేసుకోకండి.

ఇంకో తమాషా. నాకు జుట్టు ఊడలేదు. ఈ రకం క్యాన్సర్‌కి మామూలు కీమో పెద్దగా పనిచేయదు కాబట్టి ఇవ్వరు. దాంతో ఆఫీసులో సగం మందికి నాకు క్యాన్సర్ అంటే నమ్మకమే లేదు. "అదృష్టం, చిన్నదే అయ్యుంటుంది" అంటారు. గుండు ఉంటేనే సెలవు ఇచ్చేట్టున్నారు.

వెన్నెలబాట

గాజుకుండ గారూ, చాలా రోజులకి నవ్వాను. నవ్వితే పక్క పట్టేసింది, అది వేరే సంగతి.

డాక్టర్‌కి ఫోన్ చేశాను, డైక్లోఫెనాక్ సంగతి చెప్పాను. తిట్లు పడ్డాయి. హిమోగ్లోబిన్ చూశారు, 9.8 ఉంది. ఐరన్ కూడా తక్కువే. దానికి మందు ఇచ్చారు, రెండు వారాల తర్వాత క్రియాటినిన్ మళ్ళీ చూస్తామన్నారు. సెలవు ఇంకో రెండు వారాలు రాసిచ్చారు.

ఇప్పుడు అసలు టెన్షన్ చెబుతాను. ఆఫీసులో "కడుపు ఆపరేషన్" అని మాత్రమే తెలుసు. క్యాన్సర్ అని చెప్పలేదు. చెప్పాలా?

ఇనపచక్రం

చెప్పెయ్యన్నా. దాస్తే రోజుకో అబద్ధం ఆడాలి. స్కాన్‌కి సెలవడిగినప్పుడల్లా ఏం చెబుతావు?

తూనీగ

నేను అలా అనుకోను. నేను అందరికీ చెప్పాను. ఆ తర్వాత స్టాఫ్ రూంలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని వాళ్ళ పిన్ని ఎలా పోయిందో పూసగుచ్చినట్టు చెప్పింది, ఫస్ట్ బెల్ కొట్టకముందే. ఏడాదిన్నర తర్వాత కూడా పరీక్షల డ్యూటీ వేయాలంటే "పాపం ఆవిడకెందుకులే" అన్నారు. ఆ పాపం నాకొద్దు.

గాజుకుండ

మధ్యస్తంగా నేను చేసింది ఇది. మేనేజర్‌కి, హెచ్ఆర్‌కి జబ్బు పేరు చెప్పాను, ఎందుకంటే వాళ్ళ దగ్గర సెలవులు, ఇన్సూరెన్స్ తేలాలి. మిగతావాళ్ళకి జబ్బు పేరు చెప్పలేదు, నేను చేయలేని పనులు చెప్పాను. "మూడు నెలలు బరువెత్తను, నాలుగింటి తర్వాత మీటింగ్ పెట్టొద్దు." జనానికి కావలసింది నిజానికి అంతే. డాక్టర్ సర్టిఫికెట్‌లో కూడా "డ్యూటీకి ఫిట్" అని ఒక్క ముక్క రాయించుకోకండి. మొదట్లో సగం పూట, బరువులు వద్దు, గంటకోసారి లేచి తిరగాలి అని విడివిడిగా రాయమనండి. నోటితో అడిగితే బతిమాలినట్టుంటుంది. కాగితంలో ఉంటే అడగనక్కర్లేదు.

నీలిగుమ్మం

ఇక్కడ రాయొచ్చో లేదో. నేను పేషెంట్‌ని కాదు, మావారికి ఆపరేషన్ అయింది. పది వారాలకి ఆఫీసుకి వెళుతున్నారు. వెళ్ళొచ్చి బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడిపోతారు. బాగున్నారా అంటే బాగున్నా అంటారు. మొన్న రాత్రి రెండింటికి మెలకువొచ్చి చూస్తే ఫోన్ వెలుతుర్లో తన పాత స్కాన్ రిపోర్టు చదువుకుంటున్నారు. వచ్చే వారం స్కాన్ ఉంది. ఏం మాట్లాడాలో తెలియక నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

పాతకాపు

రాయొచ్చమ్మా. తప్పకుండా రాయొచ్చు.

స్కాన్ ముందు వారం ఎవరికైనా అంతే. ఛాతీ కూడా స్కాన్ చేస్తారు కదా, ఇది పాకితే ముందు ఊపిరితిత్తుల్లోకే ఎక్కువ. అది తెలిసినప్పట్నుంచి నేను చిన్న దగ్గొచ్చినా లెక్కపెట్టుకునేవాణ్ణి. తొమ్మిదేళ్ళయింది, ఇప్పటికీ రిపోర్ట్ కవరు చింపేటప్పుడు మా ఆవిడ చేతికిస్తాను. నాకు ధైర్యం చెప్పమని తనని ఎప్పుడూ అడగలేదు, తనూ చెప్పలేదు. స్కాన్ గది బయట బెంచీ మీద పక్కన కూర్చునేది. మీరూ వెళ్ళండి. ఆయన వద్దంటారు. అయినా వెళ్ళండి.

ఆ బెంచీ మీద కూర్చుని ఏవేవో చదివేవాణ్ణి. 1869లో జర్మనీలో గుస్తావ్ సైమన్ అనే సర్జన్ మొదటిసారి కావాలని ఆలోచించి ఒక కిడ్నీ తీశాడట. ఒక్క కిడ్నీతో ప్రాణం నిలుస్తుందా అని ముందు కుక్కల మీద చూసుకున్నాడు. ఆ పేషెంటు బతికింది. ఆ సంగతి తెలిసిన రోజు నాకెందుకో కాస్త స్థిమితంగా అనిపించింది. ఆవిడ ఇంటికెళ్ళాక ఎన్నాళ్ళకి పని మొదలుపెట్టిందో మాత్రం ఎక్కడా దొరకలేదు.

నీలిగుమ్మం

వెళతాను.

వెన్నెలబాట

అందరికీ మళ్ళీ నమస్తే. ఆపరేషన్ అయి పన్నెండో వారం. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

క్రియాటినిన్ 1.3కి దిగింది, ఈజీఎఫ్ఆర్ 68. తెల్లచెప్పులు మేడమ్‌కి రెండు చేతులూ జోడిస్తున్నా. హిమోగ్లోబిన్ 11.4. మెట్లెక్కితే ఇప్పుడు ఆయాసం రావట్లేదు.

గాజుకుండ గారు చెప్పినట్టే సర్టిఫికెట్ విడివిడిగా రాయించాను. తొమ్మిదో వారం చివర్లో మేనేజర్‌తో తలుపేసుకుని మాట్లాడాను. క్యాన్సర్ అని చెప్పాను. ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, "ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. అంతకంటే ఏం మాట్లాడుకోలేదు. రెండు వారాలు సగం పూటే వెళ్ళాను, ఈ వారం నుంచి పూర్తి రోజు. లెక్కలు సరిచూసే పని పొద్దున్నే పెట్టుకుంటున్నా, రెండింటి తర్వాత ఫైలింగ్, ఫోన్లు. గంటకోసారి ఫోన్లో అలారం, లేచి కారిడార్ చివరిదాకా నడక. నడుం నొప్పి దానికే సగం తగ్గింది. పై అరలో ఫైళ్ళు దించాల్సొస్తే పక్క సీటాయన లేస్తున్నారు. ఆయనకి కారణం చెప్పలేదు, అడగలేదు కూడా.

గురువారం మాత్రం ఘోరం. ప్రతి వారం గురువారానికి బ్యాటరీ అయిపోతోంది. ఇంటికొచ్చి ఏడింటికే పడుకుంటున్నా. స్కాన్ వచ్చే బుధవారం.

ఇనపచక్రం

గురువారం అందరికీ ఉంటుందిలే అన్నా, రెండు కిడ్నీలున్నోళ్ళకి కూడా.

తెల్లచెప్పులు

వీలైతే బుధవారం ఇంటి నుంచి పని అడగండి. వారం మధ్యలో ఒకరోజు ప్రయాణం లేకపోతే తేడా తెలుస్తుంది. స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా పడటానికి సిరలోకి మందు ఎక్కించేముందు ఒకే కిడ్నీ అని, తాజా క్రియాటినిన్ ఇంత అని అక్కడి వాళ్ళకి మీరే చెప్పండి. కాగితాల్లో ఉంటుంది, అయినా చెప్పండి.

అరటిదోనె

నమస్తే, కొత్తగా చేరాను. ఎల్లుండి పొద్దున ఆపరేషన్, ల్యాప్‌లో, అంటే చిన్న గాట్లతో, కిడ్నీ మొత్తం తీస్తారట. మీవన్నీ మొదట్నుంచీ చదివాను. ఆఫీసులో మూడు వారాలే సెలవు పెట్టాను, రేపు వెళ్ళి ఆరు వారాలకి మార్పించుకుంటాను. సంచీలో ఏం పెట్టుకోవాలో ఒక్క ముక్క చెప్పండి.

తూనీగ

వదులు బట్టలు, బొడ్డు కిందకుండేవి. పొడుగు వైరున్న ఛార్జర్.

వెన్నెలబాట

చిన్న దిండు ఒకటి. ఇంటికొచ్చేటప్పుడు కారులో పొట్టకీ బెల్టుకీ మధ్య పెట్టుకోండి. దగ్గొచ్చినా తుమ్మొచ్చినా గట్టిగా అదుముకోండి. మంచం దిగేటప్పుడు తిన్నగా లేవకండి, పక్కకి దొర్లి కాళ్ళు కిందికి వదిలి చేత్తో నెట్టుకుని లేవండి. నా దిండు ఇంకా ఆఫీసు కుర్చీలోనే ఉంది.